ఎండు పండ్ల ముక్కలు: మిద్దె మీది ఎండా, ఇంట్లోని ఓవెనా, డీహైడ్రేటరా?

పండును ఎండబెట్టి దాచుకోవడం చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఇళ్లకు కొత్త విద్య ఏమీ కాదు. మామిడి ఒరుగులు, తాండ్ర, ఉప్పులో ఊరబెట్టి ఎండించిన ఉసిరికాయ ముక్కలు పెద్దవాళ్లు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కాలంలో మిద్దె ఎక్కినవే. ఇప్పుడు వచ్చిన ప్రశ్న వేరు. కేకుల కోసం కొన్న ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన కరెంటు పొయ్యి) వంటింట్లో ఓ మూల ఖాళీగా ఉంది, అంగట్లో ఎండు మామిడి ముక్కల పొట్లం చిన్నదైనా ధర పెద్దది, పిల్లలకు బడి డబ్బాలో పెట్టడానికి నూనె లేని చిరుతిండి కావాలి. అలాంటప్పుడు ఆ ఓవెన్‌నే వాడుకోవాలా, పాత పద్ధతిలో ఎండను నమ్ముకోవాలా, లేక ఇందుకోసమే తయారైన డీహైడ్రేటర్ కొనాలా అన్నది తేల్చుకోవాలి.

యంత్రాల గుణగణాలకంటే ముందు మన వైపు కాలచక్రాన్ని చూడాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. పండ్లను ఆరుబయట ఎండబెట్టడానికి పగటి వేడి కనీసం 30 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, గాలిలో తేమ 60 శాతానికి లోపు ఉండాలి. మార్చి నుంచి మే దాకా తిరుపతి మధ్యాహ్నాలకు ఈ రెండు షరతులూ సులువుగానే సరిపోతాయి. అయితే మన జిల్లాల మామిడి కాస్త ఆలస్యంగా వస్తుంది. బేనీషా, అంటే బంగినపల్లి, మే నెలలో అందుకుంటుంది, తోతాపురి, అంటే మనం బెంగళూరు కాయ అని పిలిచేది, జూన్, జులైలలో దామలచెరువు లాంటి మండీలకు లారీల మీద పోటెత్తుతుంది. ధర నేలకు దిగి, పండు ఇంటింటా గంపల్లో మగ్గే సమయానికి నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి, సాయంత్రాలు ఏ క్షణాన చినుకు పడుతుందో తెలియదు. ఎండ బాగున్నప్పుడు పండు ప్రియం, పండు చవకైనప్పుడు ఎండ అనుమానం. ఓవెన్ అక్కరకు వచ్చేది సరిగ్గా ఈ ఎడంలోనే. ఏప్రిల్‌లో మిద్దె మీద ఉచితంగా దొరికే వేడిని కాదని కరెంటు కాల్చడంలో అర్థం లేదు. జూన్ చివరలో మిద్దెను నమ్ముకుని ముక్కలను బూజుకు అప్పగించడంలోనూ అర్థం లేదు.

పండు ఎండడమంటే ఏమిటో లెక్క వేసి చూస్తే తక్కినవన్నీ సులభంగా బోధపడతాయి. పండిన మామిడి గుజ్జులో దాదాపు 83 శాతం నీరే ఉంటుంది. నిలవ ఉండాలంటే ముక్కలో తేమ సుమారు 20 శాతానికి దిగాలి. అంటే తొక్క, టెంక తీసేసిన కిలో ముక్కల నుంచి చివరికి చేతికి వచ్చేది 200 గ్రాములకు కొంచెం ఎక్కువ. బొప్పాయిలో నీరు ఇంకా ఎక్కువ కాబట్టి కిలోకు 150 గ్రాములు రావడమే గొప్ప, అరటిలో తక్కువ కాబట్టి 300 గ్రాముల వరకు వస్తుంది. అంగట్లో ధర అంత ఎందుకుందన్న అనుమానం ఈ లెక్కతోనే సగం తీరుతుంది.

ఆ నీటిని బయటకు రప్పించడానికి వేడి ఎంత అవసరమో, వచ్చిన ఆవిరిని మోసుకుపోయే గాలి కూడా అంతే అవసరం. వేడి 55 నుంచి 65 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. త్వరగా అవుతుందని 90, 100 డిగ్రీలు పెడితే ముక్క పైపొర గట్టిపడి తోలులా మూసుకుపోతుంది, లోపలి తడికి దారి ఉండదు. పైకి ఎండినట్టు కనిపించిన ఆ ముక్కే సీసాలో వారం తిరగకుండా బూజు పడుతుంది. మరీ తక్కువ వేడిలో గంటల తరబడి నాన్చినా పండు పులిసిపోతుంది.

ఇక ఓవెన్ సంగతి. మీ దగ్గర ఉన్న ఓవెన్ ఈ పనికి వస్తుందా రాదా అన్నది దాని బ్రాండు, లీటర్లు చెప్పవు, వేడి తిప్పే బిళ్ల మీద ఉన్న అతి తక్కువ అంకె చెబుతుంది. అది 60 లేదా అంతకంటే తక్కువ నుంచి మొదలై, లోపల ఫ్యాన్ కూడా ఉంటే వేరే యంత్రం గురించి ఆలోచించనక్కర లేదు. మన ఇళ్లలో ఉన్న ఓటీజీలలో చాలావాటికి ఆ బిళ్ల 100 దగ్గరే మొదలవుతుంది. అలాంటి దానిలో తలుపును పూర్తిగా మూయకుండా ఒక చెక్క గరిటె అడ్డుపెట్టి, రెండు మూడు అంగుళాల సందు వదిలితే వేడి కొంత దిగుతుంది, ఆవిరి కూడా బయటకు పోతుంది. ఆ సందుకు ఎదురుగా చిన్న టేబుల్ ఫ్యాన్ పెడితే గాలి ఆడుతుంది, ఎండే సమయం తగ్గుతుంది. పసిపిల్లలు తిరిగే ఇంట్లో మాత్రం తెరిచిన ఓవెన్ తలుపు, నేల మీద ఫ్యాన్ తీగ రెండూ ప్రమాదమే కాబట్టి ఈ ఉపాయం జోలికి వెళ్లవద్దు.

బిళ్ల మీది అంకెను నమ్మకుండా జాలీ మీద నిలబెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోవడం మంచిది. ఓటీజీ కడ్డీలు ఒకసారి ఎర్రబారి, మరోసారి ఆరిపోతూ వేడిని నెట్టుకొస్తాయి కాబట్టి, మీరు ఒక అంకె దగ్గర పెట్టినా లోపల అది ఇరవై ముప్పై డిగ్రీలు పైకీ కిందికీ ఊగడం మామూలే. తలుపు ఓరగా తెరిచి, ముక్కలు పెట్టకుండా అరగంట నడిపి, ఆ ఊగిసలాట ఏ మధ్య సాగుతోందో చూడాలి. అది 70 దాటకుండా ఎక్కువ సేపు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. ఎంత ప్రయత్నించినా 80, 90 దగ్గరే తిరుగుతుంటే ఆ ఓవెన్‌ను కేకులకే వదిలేసి, దానిలో కింద చెప్పిన ముగింపు పని ఒక్కటే చేయించడం ఉత్తమం.

కన్వెక్షన్, అంటే ఫ్యాన్‌తో వేడిగాలి తిప్పే ఏర్పాటు, ఉన్న మైక్రోవేవ్ ఓవెన్ల విషయంలో ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి పిండి పులియబెట్టడానికి 40 డిగ్రీల అమరిక ఒకటి ఉండి, ఆ తరువాతి మెట్టు ఏకంగా 100 దగ్గర ఉంటుంది. తలుపు తెరిస్తే యంత్రం ఆగిపోతుంది కనుక చెక్క గరిటె ఉపాయం అక్కడ చెల్లదు. మైక్రోవేవ్ అమరికలో పండ్లు ఎండించే ప్రయత్నం అసలే వద్దు, ముక్క ఒకచోట ఉడికి మరోచోట మాడుతుంది. ఎయిర్ ఫ్రయ్యర్‌లో డీహైడ్రేట్ అనే అమరిక ఉంటే ఒక ఆపిల్‌కో రెండు అరటిపండ్లకో సరిపోతుంది. అయితే ముక్కలు ఎండి తేలికయ్యే కొద్దీ పైనుంచి కొట్టే గాలికి లేచి వేడి కడ్డీకి తగులుతుంటాయి, కాబట్టి పైన ఒక జాలీ బోర్లించాలి.

డీహైడ్రేటర్‌కు ఉన్న బలం దాని ఫ్యానే. ఓవెన్‌లో పండు ఎండడానికి డీహైడ్రేటర్‌కంటే ఇంచుమించు రెట్టింపు సమయం పట్టవచ్చు, ఎందుకంటే ఓవెన్ వేడిని లోపలే పట్టి ఉంచడానికి కట్టినది, ఇది ఆవిరిని తరిమేయడానికి కట్టినది. ఇళ్లకు దొరికే డీహైడ్రేటర్లు ఎక్కువగా 250 నుంచి 500 వాట్ల మధ్య ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చే గుండ్రటి తట్టలతో, అడుగున ఫ్యాన్‌తో వచ్చేవి చవక. వాటిలో కింది తట్ట ముందు ఎండుతుంది కనుక మధ్యలో తట్టలు మార్చాలి. వెనక వైపు ఫ్యాన్ ఉన్న పెట్టె లాంటివి ప్రియమైనా తట్టలన్నీ దాదాపు ఒకేసారి ఎండుతాయి.

కరెంటు ఖర్చును చాలామంది తప్పుగా అంచనా వేస్తారు. 1500 వాట్ల ఓటీజీ పది గంటలు నడిస్తే 15 యూనిట్లు కాలుతుందని అనుకోవడం సరికాదు, దాని కడ్డీలు అంతసేపూ మండవు. ఉదాహరణకు మూడింట ఒక వంతు సేపు మండాయనుకుంటే ఖర్చు 5 యూనిట్లు. 400 వాట్ల డీహైడ్రేటర్ ఆపకుండా పది గంటలు నడిచినా 4 యూనిట్లకు మించదు. చూడటానికి తేడా చిన్నదే. అయితే 28 లీటర్ల ఓటీజీలో రెండు జాలీల మీద ఒక్క వరుసగా పరిస్తే పట్టేది ముప్పావు కిలో ముక్కలు, అయిదారు తట్టల డీహైడ్రేటర్‌లో దానికి రెట్టింపు పైగానే పడతాయి. సరుకు లెక్కన చూస్తే ఓవెన్ ప్రియమే. మీ ఇంటి మీటర్‌ను పని ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి చూసుకుంటే మీ ఓవెన్ సంగతి నిక్కచ్చిగా తెలిసిపోతుంది.

అందుకే నా సలహా ఇది. ఏడాదికి నాలుగైదు సార్లు, అదీ మామిడి కాలంలోనే చేసేవాళ్లు ఉన్న ఓవెన్‌తో సరిపెట్టుకోవాలి, కొత్త యంత్రం కొంటే తక్కిన పది నెలలూ అది అటక మీదే ఉంటుంది. సొంత తోట ఉండి పండు గంపల లెక్కన ఇంటికి వచ్చేవాళ్లు, వారం వారం పిల్లల డబ్బాలకు చేసేవాళ్లు డీహైడ్రేటర్ కొనడం తప్పు కాదు. ఇంట్లో ఓవెన్ లేనివాళ్లు కేవలం ఎండు పండ్ల కోసం ఓవెన్ కొనడం మాత్రం తప్పే.

ఏ పండు, ఏ రూపం?

ఓవెన్ నిర్ణయం కంటే పండు నిర్ణయం రుచిని ఎక్కువగా మారుస్తుంది. మామిడిలో మన బెంగళూరు కాయను పచ్చడికి, ఉప్పుకారం ముక్కలకు, గుజ్జు ఫ్యాక్టరీలకు పనికొచ్చే రకంగానే చూస్తారు గానీ, ముక్కలుగా ఎండించడానికి దానికి సాటి తక్కువ. కండ గట్టిగా ఉంటుంది, కత్తికి అణగిపోదు, రసం కారదు. బాగా మగ్గి మెత్తబడిన కాయ కాకుండా, ముక్కు దగ్గర ఇంకా కొంచెం పచ్చదనం ఉండి, బొటనవేలితో నొక్కితే సొట్ట పడీ పడనట్టుండే దోరకాయను ఎంచుకోవాలి. తీపి కొద్దిగా తక్కువే, కానీ నీరు పోయాక తీపి, పులుపు రెండూ చిక్కబడతాయి కాబట్టి ఎండిన ముక్క చప్పగా ఉండదు. బేనీషా తియ్యగా, పీచు లేకుండా వస్తుంది గానీ పూర్తిగా పండితే జాలీకి అంటుకుని, తీసేటప్పుడు చిరిగిపోతుంది. దాన్నీ దోరగా ఉన్నప్పుడే కోయాలి. మల్గోబా, రసాలు ముక్కలకు పనికిరావు, వాటి స్థానం తాండ్రలోనే. కాలం చివర వచ్చే నీలం చిన్నదైనా ఎండిన తరువాత కూడా దాని వాసన నిలిచి ఉంటుంది, నా మటుకు నాకు అన్నిటికంటే అదే ఇష్టం.

ముక్క మందం 5 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండాలి, అంతకంటే ముఖ్యంగా అన్ని ముక్కలూ ఒకే మందంలో ఉండాలి. ఒక జాలీలో సన్నవి మాడుతుండగా లావువి పచ్చిగా మిగలడానికి ఓవెన్‌ను నిందించి లాభం లేదు. రంగు నల్లబడకుండా నిమ్మరసం, నీళ్లు సమపాళ్లలో కలిపి అయిదు నిమిషాలు ముంచి తీస్తే చాలు. ఆపిల్, అరటి పండ్లకు ఇది తప్పనిసరి, మామిడికి ఐచ్ఛికం. గట్టి అడుగున్న బేకింగ్ పళ్లెంలో పరిస్తే కింది వైపు గాలి తగలదు, కాబట్టి జాలీ మీదే పరచాలి. రెండు గంటలకోసారి జాలీలను పైకీ కిందికీ మార్చి, ముక్కలను ఒకసారి తిరగేయాలి. మామిడికి ఓవెన్‌లో పది పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువా పడుతుంది. టైమర్ గంటన్నర, రెండు గంటలకే ఆగిపోయే ఓవెన్లు చాలా ఉన్నాయి కనుక, రాత్రి పెట్టి పడుకుందామనే ఆలోచన మానుకుని తెల్లవారుజామున మొదలుపెట్టడం మేలు.

మొదటిసారి చేసేవాళ్లకు ఆపిల్ సులువైనది, అది ఎలా కోసినా ఎండుతుంది. అరటిలో ఏలక్కి బాగా తియ్యగా, జిగురుగా వస్తుంది. ఇక్కడ ఒక అపోహ తొలగాలి. అంగట్లో కరకరలాడే అరటి చిప్స్ నూనెలో వేయించినవి, ఓవెన్‌లో ఎండిన పండిన అరటి ఎన్ని గంటలున్నా అలా కరకరలాడదు, నమిలితే సాగుతుంది. అలాగే పొట్లాల్లో వచ్చే నిగనిగలాడే నారింజ రంగు మామిడి ముక్కలను చాలావరకు పంచదార పాకంలో ఊరబెట్టి, రంగు చెడకుండా సల్ఫర్ డయాక్సైడ్‌తో శుద్ధి చేస్తారు. ఇంట్లో చేసినవి కొంచెం ముదురు రంగులో, కొంచెం గట్టిగా ఉండటం లోపం కాదు. అనాస అద్భుతంగా కుదురుతుంది గానీ సమయం మామిడికంటే ఎక్కువ అడుగుతుంది. సపోటా బాగా పండినదైతేనే తీసుకోవాలి, కాస్త పచ్చిగా ఉన్నా నాలుక మీద జిగట వగరు వదలదు. జామ గింజలు ఎండాక పంటికి రాళ్లలా తగులుతాయి కనుక దాన్ని ఉడికించి, జల్లెడ పట్టి, గుజ్జు తాండ్రగా చేయడమే తగిన పని. బొప్పాయి ఉత్తదే ఎండిస్తే చప్పగా ఉంటుంది, నిమ్మరసం తోడైతే పరవాలేదు. పుచ్చకాయ, సీతాఫలం జోలికి వెళ్లవద్దు. ద్రాక్షను కూడా వదిలేయమనే చెబుతాను, దాని తొక్క మీది మైనపు పొర నీటిని బయటకు రానివ్వదు, మహారాష్ట్రలోని సాంగ్లీ వైపు దాన్ని ప్రత్యేక ద్రావణంలో ముంచి షెడ్లలో రోజుల తరబడి ఆరబెడతారు. కిస్మిస్ కొనుక్కోవడమే చవక.

తాండ్ర విషయంలో ఓవెన్‌కు పరిమితి ఉంది. గోదావరి జిల్లాల ఆత్రేయపురం తాండ్ర లాగా పొర మీద పొర పోసి మందంగా చేయాలంటే ఎండే దిక్కు. ఓవెన్‌లో బటర్ పేపర్ మీద 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో ఒకే పొర పోసి, ఎండాక పలుచని చుట్టలుగా తీయవచ్చు. అంచులు ముందుగా ఎండి పెళుసెక్కుతాయి కాబట్టి గుజ్జును నడుమ పలుచగా, అంచుల దగ్గర కాస్త మందంగా పరచాలి.

మిద్దెనూ ఓవెన్‌నూ కలిపి వాడటం

రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలన్న నియమం లేదు. మే నెలలో పగలంతా మిద్దె మీద దోమతెర కింద ఎండించి, పొద్దు వాలక ముందే లోపలికి తెచ్చి, రాత్రి మంచు తేమ తగలకుండా మూసిపెట్టాలి. రెండో మూడో రోజుకు ముక్క దాదాపు ఎండుతుంది. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లవాళ్లకు దోమతెర ఎంతవరకు ఆగుతుందో కోతులనే అడగాలి, అక్కడ మాత్రం బరువైన ఇనుప జాలీ పెట్టె అవసరం. ఆరుబయట ఎండినదానిపై ఈగలు, పురుగులు గుడ్లు పెట్టి ఉండే అవకాశం ఉంది కాబట్టి, చివరగా 70 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచాలి, లేదా డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు రోజులు పెట్టాలి. బిళ్ల 100 దగ్గర మొదలయ్యే ఓటీజీ కూడా తలుపు ఓరగా తెరిచి ఈ చివరి అరగంటకు పనికొస్తుంది.

జూన్, జులైలలో వరుస మార్చాలి. ముందు ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు ఉంచి పైతడి పోగొడితే ముక్కలు పులవవు, ఈగలు ముసరవు. మరుసటి రోజు ఆకాశం అనుకూలిస్తే మిద్దె మీదికి, లేకుంటే తిరిగి ఓవెన్‌లోకి. మదనపల్లె, పలమనేరు వంటి ఎత్తు ప్రాంతాల్లో వేసవిలోనూ వేడి తిరుపతికంటే తక్కువ కాబట్టి అక్కడ ఓవెన్ వాటా పెరుగుతుంది. ఈశాన్య రుతుపవనాలు కురిసే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కడివాళ్లైనా మిద్దెను మరచిపోవడమే మంచిది.

ముక్క ఎండిందో లేదో వేడిగా ఉన్నప్పుడు తేల్చకూడదు, వేడి ముక్క ఎప్పుడూ మెత్తగానే అనిపిస్తుంది. ఒకదాన్ని బయటకు తీసి పది నిమిషాలు చల్లారనిచ్చి, మధ్యకు తుంచాలి. తుంచిన అంచున నీటి పూస కనిపించకూడదు, ముక్కను మడిచి వదిలితే తనకు తాను అంటుకోకుండా తిరిగి విచ్చుకోవాలి. చల్లారిన ముక్కలను గాజు సీసాలో మూడింట రెండు వంతులు మాత్రమే నింపి, వారం పది రోజుల పాటు రోజూ ఒకసారి కుదపాలి. దీనివల్ల ఒక ముక్కలో మిగిలిన తేమ తక్కినవాటికి సర్దుకుంటుంది. సీసా గోడకు లోపల ఆవిరి పట్టిందంటే ఇంకా ఎండలేదని అర్థం, వెంటనే తిరిగి ఓవెన్‌లో పెట్టాలి.

నిలవ కాలం వేడిని బట్టి మారుతుంది. 15 డిగ్రీల దగ్గర ఏడాది ఉండే ఎండు పండు 27 డిగ్రీల దగ్గర ఆరు నెలలకే పరిమితం, మన వేసవి వంటింట్లో అంతకంటే ముందే రంగు, రుచి పోతాయి. అందుకని పెద్ద సీసాలో అంతా ఒకచోట పోయకుండా, చిన్న సీసాలుగా ఫ్రిజ్‌లో పెట్టుకుని ఒక్కొక్కటే బయటకు తీయాలి. నీరు పోయినా చక్కెర పోదు కాబట్టి, గుప్పెడు ఎండు మామిడి ముక్కలు తిన్నవారు వాటికి ఇంచుమించు అయిదు రెట్ల బరువున్న పండు గుజ్జులోని చక్కెర తిన్నట్టే. మధుమేహం ఉన్నవాళ్లకు పెట్టేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. వానల్లో సీసా మాటిమాటికీ తెరిచి ముక్కలు మెత్తబడితే పారేయనక్కర లేదు. బూజు గానీ పులిసిన వాసన గానీ లేవని చూసుకుని, 60 డిగ్రీల ఓవెన్‌లో అరగంట నుంచి గంట ఉంచి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి.